పింక్ ఫ్లాయిడ్ ఎవరిది? ఆల్బమ్‌ల తగవు వెనుక ఉన్న ప్రశ్న

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ సంగీతాన్ని ఏళ్ల తరబడి వింటున్న ఇద్దరిని ఒకచోట కూర్చోబెట్టి, ఆ బృందం ఆల్బమ్‌లలో ఏది గొప్పదని అడిగితే, గంట గడిచినా వారు ఒక మాట మీదికి రారు. ఒకరు ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అంటారు. అది లోకమంతా మెచ్చినదే గానీ అసలు సిసలు ఫ్లాయిడ్‌ను వినాలంటే ‘యానిమల్స్’ వినాలని రెండోవారు పట్టుబడతారు. మధ్యలో మూడోవారు వస్తే, ఆ బృందం కథ 1968లోనే ముగిసిందని, ఆ తర్వాతిదంతా పేరు మాత్రమే మిగుల్చుకున్న వేరొక బృందమని తేల్చేస్తారు. 1967 నుంచి 2014 దాకా వచ్చిన 15 స్టూడియో ఆల్బమ్‌లలో ఎవరో ఒకరు నెత్తిన పెట్టుకోనిది, ఇంకెవరో తీసిపారేయనిది దాదాపుగా లేదు. ఇది కేవలం అభిరుచి భేదమే అయితే ఇంత పట్టుదల అవసరం లేదు. నేను గమనించినంతలో, ఈ వాదంలోకి దిగే ప్రతి ఒక్కరూ తమకు తెలియకుండానే మరో ప్రశ్నకు ముందే జవాబు చెప్పుకొని వస్తారు. పింక్ ఫ్లాయిడ్ ఎవరిది అన్నదే ఆ ప్రశ్న. దానికి వారి జవాబు తెలిస్తే, ఏ ఆల్బమ్‌ను ఎత్తుకుంటారో చాలావరకు ముందే ఊహించవచ్చు.

సంగీతం ఆపాతమధురమని, సాహిత్యం ఆలోచనామృతమని మన పెద్దలు చెప్పిన మాట ఈ బృందానికి అతికినట్టు సరిపోతుంది. చెవిన పడగానే తీయగా తోచేది ఒకటి, తలపోసిన కొద్దీ ఊరేది మరొకటి. పింక్ ఫ్లాయిడ్‌లో ఈ రెండూ వేర్వేరు మనుషుల చేతుల్లో ఉండేవి. మాట చాలావరకు బాస్ గిటారు వాయించే రోజర్ వాటర్స్‌ది. ధ్వని డేవిడ్ గిల్మర్ గిటారుది, రిచర్డ్ రైట్ కీబోర్డులది. డ్రమ్స్ వాయించే నిక్ మేసన్ అన్ని కాలాల్లోనూ ఉన్నాడు. వీరందరికంటే ముందు, ఆ రెండింటినీ ఒక్కడే మోసిన సిడ్ బారెట్ ఉన్నాడు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు ఎవరని విడివిడిగా ఆరా తీయడం తెలుగు శ్రోతలకు అలవాటే. ఫ్లాయిడ్ ఆల్బమ్‌లను కూడా అలా విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు వీడుతుంది.

మొదట బారెట్ పక్షం. 1965లో లండన్‌లో ఏర్పడిన ఈ బృందంలో వాటర్స్, రైట్, మేసన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదివినవారు. బారెట్ కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన చిత్రకళా విద్యార్థి. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి బృందానికి పేరు పెట్టినది కూడా అతడే. 1967 ఆగస్టులో వచ్చిన తొలి ఆల్బమ్ ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’లోని 11 పాటల్లో 8 అతడొక్కడే రాశాడు. పిల్లల కథల్లోని అమాయకత్వం, అంతరిక్షపు భయం పక్కపక్కనే ఉండే ఆ పాటల తీరు ఆ తర్వాత ఏ ఫ్లాయిడ్ రికార్డులోనూ కనిపించదు. అయితే మత్తుమందుల వాడకంతో పాటు మానసిక ఆరోగ్యం కూడా దెబ్బతిని, కొద్ది నెలల్లోనే అతడు వేదిక మీద నిలవలేని స్థితికి వచ్చాడు. 1968 మొదట్లో గిల్మర్‌ను చేర్చుకున్నారు. కొన్నాళ్లు ఐదుగురూ కలిసి వాయించారు. ఒకరోజు కచేరీకి వెళ్తూ దారిలో బారెట్‌ను ఎక్కించుకోకుండానే సాగిపోయారు. ఈ బృందం చరిత్రలోని పెద్ద పశ్చాత్తాపం అక్కడ మొదలైంది. బారెట్ పక్షం వారి వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వారు పోల్చి చూసేది వచ్చిన ఆల్బమ్‌లను కాదు, రాకుండా పోయినవాటిని. అందుకే వారితో వాదించి గెలవడం ఎవరికీ సాధ్యం కాదు.

1968 నుంచి 1972 దాకా సాగిన కాలాన్ని చాలామంది తడుములాట అని దాటేస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1970లో వచ్చిన ‘యాటమ్ హార్ట్ మదర్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరినా, వాద్యబృందం, గాయకబృందం కలిసి సాగించే దాని 23 నిమిషాల కూర్పును తర్వాతి రోజుల్లో వాటర్స్, గిల్మర్ ఇద్దరూ తక్కువ చేసే మాట్లాడారు. కానీ 1971 నాటి ‘మెడిల్’ దగ్గర ఆగాలి. దాని రెండో పక్కనంతా ఆక్రమించిన ‘ఎకోస్’ ఒక్క స్వరంతో మొదలవుతుంది. రైట్ పియానో మీద ఒక పై స్వరాన్ని మీటి, ఆ ధ్వనిని తిరిగే లెస్లీ స్పీకరు గుండా పంపితే, అది నీటి అడుగున ఎక్కడో మోగినట్టు వినిపించింది. ఆ ఒక్క చుక్క చుట్టూ 23 నిమిషాల సంగీతం అల్లుకుంది. పాట మొదలైనప్పుడు గిల్మర్ గొంతు, రైట్ గొంతు ఎంతగా కలిసిపోతాయంటే, రెండు గొంతులు ఉన్నాయని గుర్తుపట్టడానికి నాకే చాలాసార్లు వినాల్సివచ్చింది. మాట వాటర్స్‌ది, గొంతులు ఆ ఇద్దరివి, పొందిక నలుగురిది. తర్వాత ప్రపంచమంతా విన్న ఫ్లాయిడ్ ధ్వనికి పునాది అదే. ‘మెడిల్’ను తమ మొదటి ఎంపికగా చెప్పేవారు సంఖ్యలో తక్కువే అయినా, వారి చెవి మంచి చెవి.

1973 మార్చిలో వచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ గురించి అంకెలు ముందు వస్తాయి. అమెరికాలో అది మొదటి స్థానంలో నిలిచింది ఒక్క వారమే. కానీ బిల్‌బోర్డ్ 200 జాబితాలో 1988 దాకా మొత్తం 741 వారాలు ఉంది. అమ్ముడైన ప్రతులు 4.5 కోట్లకు పైనేనని అంచనా. అభిమానుల్లో ఒక వర్గానికి ఇదే అడ్డు. అందరికీ నచ్చినది లోతైనది కాదన్న అనుమానం ఏ కళలోనైనా ఉంటుంది. నా దృష్టిలో ఆ అనుమానం ఈ ఆల్బమ్ విషయంలో నిలవదు. ఎందుకంటే, అది అందరికీ నచ్చడానికి కారణం పలచబరచడం కాదు, పంచుకోవడం. మొత్తం ఆల్బమ్‌కు మాటలన్నీ వాటర్స్ ఒక్కడే రాసిన తొలి సందర్భం అదే. కాలం, డబ్బు, చావు, పిచ్చి వంటి పెద్ద విషయాలను అతడు మెలిక లేని మాటల్లో చెప్పాడు. ‘అస్ అండ్ దెమ్’ బాణీ రైట్‌ది. ఆంటోనియోనీ తీస్తున్న ‘జబ్రిస్కీ పాయింట్’ సినిమా కోసం అతడు పియానో మీద కట్టిన ఆ బాణీని దర్శకుడు వద్దంటే, అది మూడేళ్ల పైన అలాగే ఉండిపోయి ఇక్కడ చోటు సంపాదించుకుంది. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’కి కూడా స్వరాలు రైట్‌వే. దాని మీద మాటలే లేకుండా క్లేర్ టోరీ పాడిన ఆలాపనకు ఆనాడు ఆమెకు ముట్టినది 30 పౌండ్లు. మూడు దశాబ్దాల తర్వాత ఆమె కోర్టుకు వెళ్తే, 2005లో రాజీ కుదిరి స్వరకర్తగా ఆమె పేరు కూడా చేరింది.

‘మనీ’ని ఒకసారి లెక్క పెట్టుకుంటూ వినండి. గల్లాపెట్టె చప్పుళ్లను, నాణేల మోతను, చిరిగే కాగితాన్ని టేపు ముక్కలుగా కోసి అతికించి చేసిన ఆ ఆవృత్తం 7 లెక్కలకు ఒకసారి తిరుగుతుంది. మిశ్రచాపుకు అలవాటుపడిన చెవికి ఆ ఏడు లెక్క కొత్తేమీ కాదు గానీ, రాక్ సంగీతంలో అది అరుదు. గిల్మర్ గిటారు వాదన రాగానే తాళం 4 లెక్కలకు మారిపోతుంది. వాటర్స్ కట్టిన కుంటి నడక మీద గిల్మర్ పరుగెత్తదలచుకోలేదు, తనకు కావలసిన నేల తాను పరచుకున్నాడు. ఒకే పాటలో ఇద్దరి స్వభావాలూ ఇలా పక్కపక్కనే వినిపిస్తాయి. చివరి మిక్సింగ్ దగ్గర కూడా ఈ భేదమే వచ్చింది. ధ్వని పొడిగా, మాట స్పష్టంగా ఉండాలని వాటర్స్, ప్రతిధ్వని తడిలో అన్నీ ఒకదానిలో ఒకటి కరగాలని గిల్మర్ పట్టుబట్టడంతో, మధ్యవర్తిగా క్రిస్ థామస్ అనే రికార్డు నిర్మాతను పిలిపించుకున్నారు. మనం ఈనాడు వింటున్నది ఆ రాజీనే. ఆ ఆల్బమ్‌లో గెలిచినవారు లేరు, అందుకే అది అంత సమంగా ఉంది.

1975 సెప్టెంబరు నాటి ‘విష్ యూ వర్ హియర్’ దగ్గరకు వచ్చేసరికి ఆ సమతూకం చెదరడం మొదలైంది. అయినా నా ఓటు దీనికే కాబట్టి కాస్త నిదానంగా చెప్పాలి. గిల్మర్, రైట్ ఇద్దరూ తమకు బాగా ఇష్టమైనదని చెప్పినది కూడా ఈ ఆల్బమ్‌నే. దానికి వెన్నెముక ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’. తొమ్మిది భాగాలుగా దాదాపు 26 నిమిషాలు సాగే ఆ కూర్పును రెండుగా విడదీసి ఆల్బమ్‌కు మొదటా చివరా ఉంచారు. విడదీయడం గిల్మర్‌కు ఇష్టం లేదు, వాటర్స్ ఆలోచనే నెగ్గింది. 1974 కచేరీల్లో అప్పటికే వాయిస్తున్న మరో రెండు పాటలను ఆల్బమ్‌లో చేర్చాలని గిల్మర్ అడిగినా ఒప్పుకోలేదు. ఆ రెండే తర్వాత పేరు మారి ‘యానిమల్స్’లో ‘డాగ్స్’, ‘షీప్’ అయ్యాయి. ఈ వివరం చిన్నదిగా తోచవచ్చు గానీ, ‘విష్ యూ వర్ హియర్’ మెత్తనిదని, ‘యానిమల్స్’ కరకుదని, రెంటి మధ్య బృందం మనసే మారిపోయిందని వాదించేవారు దీన్ని మరచిపోతారు. రెండు ఆల్బమ్‌ల సరుకులో ఎక్కువ భాగం ఒకే ఏడాది తయారైనది. దేన్ని ఎక్కడ ఉంచాలన్నదే వాటర్స్ నిర్ణయం.

‘షైన్ ఆన్’ ప్రారంభాన్ని చీకట్లో, చేతిలో పని పెట్టుకోకుండా వినాలి. ముందు వినిపించే ఆ పలుచని శ్రుతిలో గాజు గ్లాసుల అంచు మీద తడివేలు తిప్పితే వచ్చే నాదం ఉంది. ఇంట్లో దొరికే వస్తువులతోనే ఒక ఆల్బమ్ చేయాలని మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ప్రయత్నంలో మిగిలిన ముక్క అది. దాని మీద రైట్ సింథసైజరు మంచులా పరుచుకుంటుంది. గిల్మర్ గిటారు తొందరలేకుండా వచ్చి, నెమ్మదిగా తప్పుకుంటుంది. నాలుగో నిమిషం దగ్గర అంతా సద్దుమణిగి, నాలుగే నాలుగు స్వరాలు గంట కొట్టినట్టు మోగి గాలిలో నిలిచిపోతాయి. ఆ నాలుగు స్వరాలు వింటూంటే తనకు బారెట్ లేని లోటు మనసులో మెదిలిందని వాటర్స్ చెప్పాడు. ఎనిమిది నిమిషాలు దాటాక గానీ మొదటి మాట రాదు. అంటే ఇక్కడ బాణీయే మాటను పుట్టించింది. ఈ పాటకు తుది మెరుగులు దిద్దుతున్న రోజుల్లోనే, 1975 జూన్ 5న, తల, కనుబొమలు గొరిగించుకొని, బాగా లావెక్కిన ఒక మనిషి అబ్బీ రోడ్ స్టూడియోలోకి వచ్చి నిలబడ్డాడు. అతడు బారెట్ అని పాత స్నేహితులు చాలాసేపు గుర్తుపట్టలేకపోయారు. గుర్తుపట్టాక వాటర్స్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అతడు ఎవరినైతే ఉద్దేశించి ఆ పాట రాశాడో, ఆ మనిషే పక్కన కూర్చుని దాన్ని విన్నాడు.

‘యానిమల్స్’ 1977 జనవరిలో వచ్చింది. ఏళ్లు గడిచిన కొద్దీ విలువ పెరిగిన ఫ్లాయిడ్ ఆల్బమ్ ఏదైనా ఉంటే ఇదే. సమాజాన్ని కుక్కలు, పందులు, గొర్రెలుగా విభజించే ఈ ఆల్బమ్‌కు ఆర్వెల్ ‘యానిమల్ ఫార్మ్’ ప్రేరణ. రేడియోలో వేయడానికి వీలయ్యే పాట ఒక్కటి లేదు. మూడు పొడవాటి పాటలు, వాటికి ముందూ వెనకా ఒకటిన్నర నిమిషం కూడా లేని రెండు చిన్న ముక్కలు. ముఖచిత్రం కోసం బాటర్‌సీ విద్యుత్ కేంద్రం మీద ఎగరేసిన పంది బెలూన్ 1976 డిసెంబరులో తాడు తెంపుకొని విమానాల దారిలోకి పోయి, చివరికి కెంట్‌లోని ఒక పొలంలో దిగింది. ఆ కథ అందరికీ తెలుసు. పాటల పేర్ల కింద ఉన్న పేర్లను మాత్రం తక్కువమంది చూస్తారు. రైట్‌కు స్వరకర్తగా ఒక్క పాటలోనూ పేరు దక్కని తొలి ఆల్బమ్ ఇది. కానీ ‘షీప్’ మొదట్లో గొర్రెల అరుపుల మధ్య ఎలక్ట్రిక్ పియానో మీద ఒంటరిగా వినిపించే ఆ మెత్తని భాగం రైట్ అప్పటికప్పుడు అల్లినది. ఆ ప్రశాంతత లేకపోతే వెనుక వచ్చే దౌర్జన్యానికి అంత దెబ్బ ఉండదు. అదే పాటలో వాటర్స్ వాక్యం చివర గొంతును సాగదీసినప్పుడు, ఆ గొంతు ఎక్కడ ఆగి సింథసైజరు ఎక్కడ అందుకుందో తెలియకుండా ఒకటి మరొకటిగా మారిపోతుంది. పేరు ఒకరిదే ఉన్నా పని ఇద్దరిదీ ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 17 నిమిషాల ‘డాగ్స్’కు బాణీలో పెద్ద వాటా గిల్మర్‌ది. రాయల్టీ పాటల సంఖ్యను బట్టి ఉండడం వల్ల, రెండుగా విడగొట్టిన చిన్న ముక్కకు వాటర్స్‌కు ఎక్కువ దక్కిందన్న అసంతృప్తి గిల్మర్‌కు మిగిలింది.

‘ద వాల్’ దగ్గర అభిమానులు నిట్టనిలువునా చీలిపోతారు. 1977 జులైలో మాంట్రియల్ కచేరీలో అల్లరి చేస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మి వేశాడు. తనకూ శ్రోతలకూ మధ్య గోడ ఉందన్న ఆలోచన ఆ సిగ్గులోంచి పుట్టింది. 1979 నవంబరు 30న రెండు రికార్డులుగా, 26 పాటలతో వచ్చిన ఈ ఆల్బమ్‌ను మెచ్చుకునేవారు దాన్ని ఒక నాటకంగా, ఒక జీవిత కథగా వింటారు. యుద్ధంలో పోయిన తండ్రి, కర్కశమైన బడి, ఊపిరి సలపనివ్వని తల్లి ఒక్కో ఇటుకగా పేర్చబడే కథ అది. మెచ్చనివారు కథను పక్కన పెట్టి పాటలను లెక్కిస్తారు; సగం పాటలు కథను ముందుకు జరపడానికే తప్ప విడిగా వినడానికి పనికిరావంటారు. నాకు ఈ రెండో మాటలో న్యాయం కనిపిస్తుంది. ఆ ఆల్బమ్ శిఖరం ‘కంఫర్టబ్లీ నమ్’ అని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. దానికి బాణీ గిల్మర్‌ది, మాట వాటర్స్‌ది. దాని వాద్యగోష్ఠి ఎలా ఉండాలన్న దాని మీద కూడా ఇద్దరూ పోట్లాడుకొని సర్దుకున్నారు. ఈ ఆల్బమ్ పని నడుస్తుండగానే రైట్‌ను బృందం నుంచి తప్పించారు. కచేరీల్లో అతడు జీతానికి వాయించాడు. భారీ ఖర్చుతో జరిగిన ఆ కచేరీల్లో మిగతా ముగ్గురికీ నష్టం వస్తే, జీతగాడు గనుక రైట్‌కు మాత్రం రాలేదు.

1983 నాటి ‘ద ఫైనల్ కట్’లో రైట్ లేడు. గిల్మర్ ప్రధానంగా పాడినది ఒక్క పాట. ఫాక్‌లాండ్స్ యుద్ధం మీద కోపంతో, 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో మరణించిన తండ్రికి అంకితంగా వాటర్స్ రాసుకున్న ఈ ఆల్బమ్ వెనుక అట్ట మీదే, ఇది రోజర్ వాటర్స్ రచన, పింక్ ఫ్లాయిడ్ ప్రదర్శన అని ఉంటుంది. మాటే ప్రాణం అనుకునేవారికి ఇది ఎవరూ గుర్తించని కళాఖండం, మిగిలినవారికి వాటర్స్ సొంత ఆల్బమ్. వాటర్స్ 1985లో వెళ్లిపోయాక పేరు కోసం కోర్టు తగవు నడిచి, 1987 చివర రాజీ అయింది. ఈలోగా 1987లోనే గిల్మర్, మేసన్ తెచ్చిన ‘ఎ మొమెంటరీ ల్యాప్స్ ఆఫ్ రీజన్’ను తెలివైన నకలు అని వాటర్స్ కొట్టిపారేశాడు. ఆ మాట కటువైనదే గానీ, అందులో బయటి వాద్యకారులు ఎక్కువన్నది వాస్తవం. 2019లో దాన్ని మళ్లీ మిక్స్ చేసినప్పుడు మేసన్ డ్రమ్స్‌ను కొత్తగా రికార్డు చేసి, రైట్ కీబోర్డులను ఎక్కువగా చేర్చారు. అంటే లోటు ఎక్కడుందో చేసినవారికే తెలుసు. 1994 నాటి ‘ద డివిజన్ బెల్’ అంతకంటే నయం. దానికి కారణం కూడా అదే అని నా నమ్మకం: ఐదు పాటల్లో రైట్ స్వరరచన ఉంది, ‘వేరింగ్ ది ఇన్‌సైడ్ అవుట్’ను అతడే పాడాడు.

మాటను బాణీ నుంచి పూర్తిగా వేరు చేస్తే ఏమవుతుందో 2023లో వాటర్సే చూపించాడు. ‘డార్క్ సైడ్’ మొత్తాన్ని తన గొంతుతో, గిటారు వాదనలు తీసేసి, కొత్త మాటలు చేర్చి మళ్లీ రికార్డు చేశాడు. ముసలితనపు గొంతులో ఆ మాటలకు కొత్త బరువు వచ్చిన చోట్లు ఉన్నాయి, అది నేను కాదనను. కానీ ‘ద గ్రేట్ గిగ్’లో ఆలాపన ఉండాల్సిన చోట మాటలు వినిపించేసరికి, ఆ పాటకు మాట ఎప్పుడూ అవసరం లేకపోయిందని తెలిసిపోతుంది. 1987 ఆల్బమ్‌ది దీనికి సరిగ్గా ఎదురైన లోపం. గిల్మర్ గిటారు ఎంత అందంగా పలికినా, పాట అయిపోయాక మనసులో నిలిచే మాట ఒక్కటీ ఉండదు. వాటర్స్ పక్షం, గిల్మర్ పక్షం అంటూ దశాబ్దాలుగా సాగుతున్న వాదానికి ఈ రెండు రికార్డులే జవాబు. ఎవరు గొప్ప అని అడగడం మాని, ఎవరు లేనప్పుడు ఏది తగ్గిందని వింటే, నాకు ప్రతిసారీ వినిపించే లోటు రైట్‌ది. అతడు పోట్లాడేవాడు కాదు, కాబట్టి అతడి పేరుతో పక్షం కూడా ఏర్పడలేదు. 2005 జులై 2న హైడ్ పార్క్‌లో నలుగురూ చివరిసారి కలిసి వాయించినప్పుడు కూడా కెమెరాలు ఎక్కువగా వెతికింది వాటర్స్, గిల్మర్‌ల ముఖాలనే. 2008 సెప్టెంబరులో రైట్ మరణించాడు.

‘విష్ యూ వర్ హియర్’కు నేను ఓటు వేయడానికి కారణం దాని చిట్టచివరి నిమిషంలో ఉంది. ‘షైన్ ఆన్’ తొమ్మిదో భాగం రైట్ ఒక్కడే కూర్చినది. మాటలు అయిపోయాయి, గిటారు వెనక్కి తగ్గింది, కీబోర్డులు మాత్రం నెమ్మదిగా నడుస్తూ పోతాయి. శబ్దం పూర్తిగా సన్నగిల్లే క్షణాన, స్పీకరు దగ్గరికి చెవి పెడితే గానీ వినబడనంత మెల్లగా, రైట్ సింథసైజరు మీద కొన్ని స్వరాలు మీటుతాడు. అవి 1967లో బారెట్ రాసి పాడిన ‘సీ ఎమిలీ ప్లే’ పల్లవి.